చితకని నిమ్మకాయ

దసరా నాడు పొద్దున పదిన్నరకు, కామారెడ్డి అశోక్‌నగర్‌లో తన ఇంటి గేటు ముందు, కండక్టర్ రాజమణి సైకిల్ మీద నుంచి పడింది. కారణం ఒక నిమ్మకాయ.

కొత్త బండికి పూజ చేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, దాన్ని తొక్కించి ముందుకు పోనివ్వడం మన దగ్గర లారీ నుంచి స్కూటీ దాకా అన్నిటికీ ఉన్నదే. బండి బరువుకు కాయ చప్పున చితికిపోతుంది. ఆ తర్వాత దాని సంగతి ఎవరూ ఆలోచించరు. రాజమణి సైకిల్ బరువు తొమ్మిది కిలోలు. టైరు బొటనవేలంత వెడల్పు. గాలి నింపితే రాయిలా ఉంటుంది. ముందు చక్రం ఆ గుండ్రటి కాయ మీదికి ఎక్కింది. కాయ చితకలేదు, దొర్లింది. చక్రం అటు పోయింది, రాజమణి ఇటు పోయింది.

మోచెయ్యి గీరుకుపోయింది. వెనక గేర్లు వేలాడే చిన్న లోహపు ముక్క లోపలికి వంగింది. నిమ్మకాయ మాత్రం దొర్లుకుంటూ మురుగు మోరీ దాకా పోయి, పసుపు కుంకుమలతో సహా క్షేమంగా ఆగింది.

పండక్కి దోమకొండ నుంచి వచ్చిన ఆడబిడ్డ భూమక్క పడ్డ మనిషిని కాక, ఆగిన నిమ్మకాయను చూసింది.

"పలగలే," అంది. "నిమ్మకాయ పలగలేదంటే ఆ బండి ఇంట్ల ఉండొద్దనే."

రాజమణికి యాభై మూడేళ్లు. డిపోలో ఇరవై మూడేళ్లుగా కండక్టర్, అందులో ఎక్కువ కాలం ఎల్లారెడ్డి రూటు. ఆ దారిలో ఆమె కంటే ఎక్కువసార్లు తిరిగినవాళ్లు ఒకరిద్దరు డ్రైవర్లు తప్ప ఉండరు. అయితే డ్రైవర్ తిరగడం వేరు, కండక్టర్ తిరగడం వేరు. డ్రైవర్ ముఖం దారి వైపు ఉంటుంది. కండక్టర్ ముఖం జనం వైపు, వీపు దారి వైపు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమై, జీరో టికెట్ కొడుతున్నప్పటి నుంచి బస్సు మరీ నిండుతోంది. కిటికీలోంచి చూద్దామన్నా భుజాలే అడ్డం. అందుకని ఇన్నేళ్లలో ఆ దారి ఆమెకు ఒళ్లు బిగబట్టుకునే చోట్లుగా, మనుషులు దిగే చోట్లుగా మాత్రమే తెలుసు. తాడ్వాయి అంటే సంచులు దించే స్టేజీ. లింగంపేట అంటే సగం బస్సు ఖాళీ అయి కాస్త ఊపిరాడే చోటు. ఫలానా మలుపు అంటే నిలబడ్డవాళ్లంతా వచ్చి తన మీద వాలే చోటు. ఆ మలుపులో పక్కన ఏముందో అడిగితే చెప్పలేదు.

పోయిన చలికాలం ఒక ఆదివారం తాడ్వాయి దాటాక బస్సుకు ముందు ఆరుగురు సైకిళ్ల మీద పోతున్నారు. హైదరాబాద్ వాళ్లట. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిళ్లు, తలకు టోపీలు. బస్సు వాళ్లను దాటేది, స్టేజీలో ఆగేది. జనం ఎక్కి దిగేలోపు వాళ్లు మళ్లీ ముందుకు పోయేవాళ్లు. లింగంపేట వచ్చేదాకా నాలుగుసార్లు ఇదే ఆట. డ్రైవర్ సాయిలుకు విసుగొచ్చి, వాళ్లకూ టికెట్లు కొట్టి లోపలికి ఎక్కించమన్నాడు. రాజమణి ఫుట్‌బోర్డు మీద నిలబడి చూస్తోంది. వాళ్లలో అందరికంటే ముందు పోతున్నది ఒక ఆడమనిషి. టోపీ కింద నుంచి కనిపిస్తున్న జడ పూర్తిగా నెరిసింది. ఆమె ముందు ఎవరూ లేరు. రోడ్డొక్కటే ఉంది.

రాజమణికి కావలసింది అదే. సైకిల్ గురించి రాసేవాళ్లంతా ఊపిరితిత్తుల గురించీ, పొగ లేని భూగోళం గురించీ రాస్తారు. ఆమెకు ఆ రెండింటితోనూ పని లేదు. రోజుకు ఎనిమిది గంటలు కదిలే బస్సులో నిలబడే మనిషికి వ్యాయామం గురించి ఎవరూ చెప్పనక్కర లేదు. తర్వాత సైకిల్ సంగతి తెలిసి, ఒక సంఘం వాళ్లు మహిళలకు స్ఫూర్తిగా నాలుగు మాటలు మాట్లాడమని వచ్చారు. ఆమె డ్యూటీ ఉందని పంపేసింది. నిజానికి ఆ రోజు డ్యూటీ లేదు.

సైకిల్ ఆమెకు కొత్త కాదు. మాచారెడ్డిలో చిన్నప్పుడు తండ్రి సైకిల్‌కు సీటు అందక, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్యనుండే డండా కింద నుంచి కాలు దూర్చి తొక్కేది. పెళ్లయ్యాక మానేసింది. ఎవరూ మానమనలేదు, సైకిల్ లేదంతే.

కూతురు సింధూజ సికింద్రాబాద్‌లో నర్సు. వానాకాలంలో తల్లిని ఒక పెద్ద దుకాణానికి తీసుకుపోయింది. అక్కడి మనిషి రాజమణిని గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ల పొడవు, చేతుల పొడవు, భుజాల వెడల్పు టేపుతో కొలిచాడు. ఏ కొలత మనిషికి ఆ కొలత సైకిల్ అట. రవికె కుట్టించుకోవడానికి ఇచ్చినట్టు కొలతలిచ్చి సైకిల్ కొనుక్కోవడం ఆమెకు భలే నచ్చింది. సైకిల్‌కు స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డులు లేవు, చైను కవర్ లేదు. ధర చెప్పినప్పుడు సింధూజ తల్లి ముఖం చూసింది. తల్లి గోడకు వేలాడుతున్న సైకిల్‌ను చూస్తోంది. ఎంతయిందని అడిగినవాళ్లకు ఆమె భర్త పర్శరాములు స్కూటీ ధర చెబుతాడు. అదీ తగ్గించి చెప్పడమే.

పర్శరాములు పదకొండేళ్లు షార్జాలో కట్టడం పని చేసి వచ్చి, ఇప్పుడు ఇంటి పక్కనే పిండి గిర్ని నడుపుతున్నాడు. సైకిల్‌ను చూసి మొదట నవ్వాడు.

"సైకిల్‌కు కొలతేంది? అది బట్టనా?"

రాజమణి వివరించింది. స్టాండు బరువు కనుక ఉండదని, టైరు సన్నగా ఉంటేనే రోడ్డు మీద జారినట్టు పోతుందని చెప్పింది. అతను విన్నాడు, గిర్నిలోకి పోయాడు. పూజ సంగతి వచ్చినప్పుడు ఎలాగూ దసరా వస్తోంది కదా, అప్పుడే చేద్దామన్నాడు. ఆ రెండు నెలలూ ఆమె డ్యూటీ లేని పొద్దుల్లో దోమకొండ దాకా, మాచారెడ్డి దాకా తొక్కి వచ్చింది. ఒక్కసారి పడలేదు. పడకుండా ఉండాలని చేసిన పూజలోనే పడింది.

దసరా సాయంత్రం పర్శరాములు సైకిల్ అమ్మేసే మాట ఎత్తాడు. నిజామాబాద్ రోడ్డులో జిమ్ పెట్టిన ఒకతను ఆ సైకిల్ అమ్ముతారా అని అంతకుముందే అడిగి ఉన్నాడు. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం మధ్యాహ్నం వచ్చి తీసుకుపొమ్మని పర్శరాములే అతనికి చెప్పాడట. భూమక్క శకునం అతనికి పెద్దగా పట్టలేదు. పట్టింది వేరే. షార్జాలో అతని పక్క మంచం మనిషి, కరీంనగర్ వైపు వాడు, ఒక పొద్దున మామూలుగా పనికి పోయి పరంజా మీద నుంచి పడ్డాడు. ఆ మంచం మీది దుప్పటి మడత పెట్టింది పర్శరాములే. ఈ సంగతి అతను ఇంట్లో రెండుసార్ల కంటే ఎక్కువ చెప్పి ఉండడు. కానీ ఎవరైనా నిచ్చెన ఎక్కినా వచ్చి పట్టుకుని నిలబడతాడు.

"నిమ్మకాయ గిమ్మకాయ నాకు తెల్వది," అన్నాడు. "ఇంటి ముందట పడ్డవు కాబట్టి మోచెయ్యి. లారీ ముందట పడితే?"

"రెండు నెలల్ల ఒక్కసారి పడలే."

"పడ్డా చెప్పినవో లేదో."

ఆ మాట ఆమెకు మోచేతి దెబ్బ కంటే ఎక్కువ తగిలింది. చెకింగ్ వాళ్లు ఎన్నిసార్లు బస్సెక్కినా ఆమె లెక్కల్లో ఒక్కనాడు తేడా దొరకలేదు. డిపోలో ఆమె పేరు చెబితే మొదట వచ్చే మాట అదే. ఆ జిమ్ అతను వచ్చే ఆదివారం పొద్దున తాను ఎల్లారెడ్డి పోయి వస్తానంది. పోనూ రానూ ఎనభై కిలోమీటర్ల పైమాటే.

"పడకుండ వస్తే సైకిల్ ఉంటది. పడితే నేనే నా చేతుల్తోని ఇచ్చేస్త."

"పడితే మాకెట్ల తెలుస్తది?"

"నేనే చెప్త."

పర్శరాములు ఆమె ముఖం చూసి, సరేనన్నాడు.

మర్నాడు ఆమె సైకిల్‌ను యాకూబు దగ్గరికి తీసుకుపోయింది. యాకూబు ముప్పై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్నాడు. మొదటిసారి ఈ సైకిల్ చూసినప్పుడు గాలి నింపే చోట సన్నటి పిన్ను కనిపిస్తే, పైది విరిగిపోయిందనుకుని పటకారుతో పీకబోయాడు. రాజమణి చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పటి నుంచి దాన్ని 'నాజూకు బండి' అంటాడు. వంగిన ముక్కను ఊడదీసి, బల్ల మీద పెట్టి, ఒక కన్ను మూసి చూస్తూ నెమ్మదిగా సరిచేశాడు. ఇది ఇంకోసారి వంగితే విరుగుతుందన్నాడు. ఎలా పడ్డదో అడిగి, నిమ్మకాయ సంగతి విని కాసేపు నవ్వాడు.

"పూజ మీది, నేను చెప్పొద్దు గానీ అక్కా, కాయను అడ్డంగ కోసి బోర్లేయాలె. గుండ్రటిది పెడితే అది కింద బేరింగు లెక్క తిరుగుతది. ఇందుల శకునం ఏమున్నది?"

ఇంట్లో ఈ మాట చెబితే భూమక్క, యాకూబుకు నిమ్మకాయల సంగతి ఏం తెలుసని కొట్టిపారేసింది. ఆ కాయను కడిగి దేవుని గూట్లో పెట్టి, ఆదివారానికి మళ్లీ వస్తానని దోమకొండ బస్సెక్కింది. ఎవరి బస్సు? రాజమణి బస్సే అయి ఉంటే బాగుండేది గానీ, కాదు.

సాయిలు మాత్రం ఒక పనికొచ్చే మాట చెప్పాడు. ఇద్దరూ డిపోలో చాయ్ తాగుతుంటే, పడ్డప్పుడు ఎటు చూస్తున్నావని అడిగాడు.

"నిమ్మకాయనే చూస్తున్న."

"గందుకే పడ్డవు చెల్లె. చక్రం ముందటిది ఎన్నడు చూడొద్దు. ఇరువై గజాల అవతల చూడాలె. కింద ఉన్నది చక్రం చూసుకుంటది."

ఆ ఆదివారం పొద్దున ఆరింటికి ఆమె బయలుదేరింది. సింధూజ కొనిచ్చిన ట్రాక్ ప్యాంటు, పైన పొడుగు చేతుల కుర్తా, తలకు టోపీ. పర్శరాములు గేటు తీసి పట్టుకున్నాడు.

ఊరు దాటగానే ఆమెకు మొదట అర్థమైంది తన అలవాటు సంగతి. ప్రతి స్టేజీ రాగానే చేతులు వాటంతట అవే బ్రేకు పట్టుకుంటున్నాయి. మొదటి రెండు స్టేజీల్లో నిజంగానే ఆగి, కాలు కింద పెట్టి వెనక్కి చూసింది. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. మూడోది వచ్చేసరికి పళ్లు బిగబట్టి ఆగకుండా పోయింది. ఏదో తప్పు చేసినట్టు ఇంకో కిలోమీటరు దాకా వెనక్కి చూస్తూనే తొక్కింది.

తాడ్వాయి దాటాక ఒక చోట ఉన్నట్టుండి కాళ్లు బరువెక్కాయి. గాలి దిగిందేమోనని టైరు నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. తలెత్తి చూస్తే రోడ్డు పైకి పోతోంది. అది గడ్డ, ఎక్కుడు దారి, అని ఆమెకు తెలియదు. ఇన్నేళ్లూ సాయిలు గేరు మార్చే చోటని మాత్రమే తెలుసు. తానూ గేరు మార్చింది. పైకి చేరాక ముందు తంగేడు పొదలు, అవతల మంచులో చెరువు, దాని గట్టు మీద వరుసగా తాటిచెట్లు. ఆ చెరువు ఇక్కడ ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. రోజుకు నాలుగుసార్లు దానికి వీపు చూపించి, చిల్లర ఉందా అని అడుగుతూ పోయింది.

లింగంపేట చేరకముందే వెనక నుంచి హారన్ వినిపించింది. సాయిలు బస్సు. పక్కకు తప్పుకుంది. బస్సు దాటుతూ నెమ్మదించింది. కిటికీల నిండా ముఖాలు, కొందరు చేతులు ఊపారు, ఎవరో ఒకామె టికెట్ టికెట్ అని వెక్కిరించింది. తర్వాతి స్టేజీలో బస్సు ఆగింది. రాజమణి ఆగలేదు.

ఎల్లారెడ్డి ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు ఉందనగా ముందు రోడ్డు పసుపుపచ్చగా కనిపించింది. మక్కలు, మొక్కజొన్న గింజలు. పంట కోసిన రైతులు ఎండ కోసం సగం రోడ్డు మీద పరిచి, అంచున రాళ్లు పెట్టారు. బస్సుకు ఇది లెక్కలోనిది కాదు. బొటనవేలంత టైరుకు ఒక్కొక్క గింజా ఒక నిమ్మకాయ. ఇంకో సగం మీద ఎదురుగా ట్రాక్టర్ వస్తోంది. రాజమణి దిగింది. సైకిల్ ఎత్తి భుజాన వేసుకుని పక్కన మట్టిలో నడిచింది.

గింజలకు కాపలా కూచున్న ముసలామె, దుర్గవ్వ, చీపురు పక్కన పెట్టి చూసింది.

"నువ్వు బస్సుల రైట్ రైట్ అనే అమ్మవు గాదా? బస్సేడ పాయె?"

"ఇయ్యాల సెలవు అవ్వా."

"సెలవైతే పండుకోక, సైకిల్‌ను మోసుడేంది? అది నిన్ను మొయ్యాలె గదా."

రాజమణి నిలబడి మొత్తం చెప్పింది. నిమ్మకాయ, పందెం, పడితే సైకిల్ పోవడం, అన్నీ. దుర్గవ్వ ఒక చేత్తో సైకిల్ ఎత్తి చూసి, తన మనవడి బడి సంచి ఇంతకంటే బరువుంటుందంది. మళ్లీ ఎప్పుడు వస్తావని అడిగింది. గంటలో అని చెప్పి రాజమణి ముందుకు పోయింది.

ఎల్లారెడ్డి బస్టాండ్‌లో, వద్దనుకుంటూనే, కాళ్లు ఆమెను కంట్రోలర్ కిటికీ దగ్గరికి తీసుకుపోయాయి. వచ్చిన బస్సు సమయం అక్కడ రాయించుకోవాలి. ఇరవై మూడేళ్ల అలవాటు. కంట్రోలర్ తల ఎత్తకుండానే బండి నంబరు అడిగాడు. తర్వాత తల ఎత్తాడు, సైకిల్‌ను చూశాడు. ముఖం ఏమాత్రం మార్చకుండా కలం పట్టుకున్నాడు.

"ఎంతమంది దిగిన్రు?"

"ఒక్కలే."

"ఆడమనిషేనా? అయితే జీరో టికెట్ కొట్టినవా?"

ఆమె రెండు అరటిపళ్లు తిని, చాయ్ తాగి, ఎనిమిదిన్నరకు వెనక్కి తిరిగింది.

మక్కల దగ్గరికి వచ్చేసరికి ఆమె బ్రేకు పట్టింది. ఎండ ఎక్కింది కనుక పక్క రైతులూ పరిచారు. ఇప్పుడు రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గింజలే, దాదాపు రెండు వందల గజాలు. దిగబోయింది. అప్పుడు చూసింది. గింజల మధ్య నుంచి రెండు జానల వెడల్పున నల్లటి తారు చార. చివర దుర్గవ్వ చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"రా బిడ్డా. నీ కోసమే ఊడ్చిన. మొయ్యకు."

దిగి నడిస్తే సరిపోయేది. పడే భయమే ఉండదు, సైకిల్ మిగులుతుంది. కానీ వంగి వంగి రెండు వందల గజాలు ఊడ్చిన మనిషి చివర నిలబడి చూస్తోంది. రాజమణి దిగలేదు. చార మొదట్లో చూపు చక్రం మీదికి పోయింది. హ్యాండిల్ వణికింది. వెనక చక్రం కింద నాలుగైదు గింజలు కరకరమన్నాయి, సైకిల్ ఎడమకు జారబోయింది. ఇరవై గజాల అవతల అనుకుంది. చూపు ఎత్తింది. అవతల దుర్గవ్వ, ఆమె చేతిలో చీపురు, వెనక ఖాళీ రోడ్డు. హ్యాండిల్ దానంతట అది నిలకడయింది. మధ్యలో ఒక కోడి చారలోకి నడిచి వచ్చింది. దుర్గవ్వ దాన్ని తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. కోడి పోయింది. రాజమణి చివరిదాకా వచ్చి, ఆగి, కాలు కింద పెట్టింది.

"నీ బస్సుల ఎన్నడన్న ఎక్కితే నాకు సీటు ఇప్పియ్యాలె," అంది దుర్గవ్వ.

కామారెడ్డి చేరేసరికి పదకొండు దాటింది. పర్శరాములు గిర్ని మూసి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో గానీ, ఆదివారం గిర్ని మూయడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. ముందు ఆమె రెండు మోచేతులూ చూశాడు, తర్వాత మోకాళ్లు.

"పడ్డవా?"

"పడలే. మక్కల మీద ఒకసారి జారబోయింది. పడలే."

అతను సైకిల్‌ను తీసుకుని గోడకు ఆనించాడు, గేర్లున్న వైపు బయటికి ఉండేలా. అలా ఆనించాలని ఆమె రెండు నెలల కింద ఒక్కసారి చెప్పింది.

మధ్యాహ్నం జిమ్ అతను ఫోన్ చేశాడు, బయలుదేరుతున్నానని. పర్శరాములు వద్దన్నాడు. అటు నుంచి కారణం అడిగినట్టున్నాడు.

"మీకు రాదు సార్. అది కొలత పెట్టి తీసుకున్న సైకిల్. ఏ మనిషికి ఆ మనిషిదే ఉంటది. బట్ట లెక్క అనుకోండ్రి," అన్నాడు పర్శరాములు చాలా గంభీరంగా.

భూమక్క వచ్చింది. పడలేదన్న మాట వింది గానీ, ఆమె పని ఇంకా మిగిలి ఉంది. దేవుని గూట్లోంచి ఆ నిమ్మకాయను తెచ్చింది. పది రోజులకు తొక్క కొంచెం గట్టిపడింది. పలగని కాయను ఇంట్లో ఉంచకూడదట, పారేయకూడదట. ఏం చేయాలో ఆమెకూ తెలియదు.

రాజమణి వంటింట్లోంచి కత్తి తెచ్చి దాన్ని అడ్డంగా కోసింది. రెండు చెక్కలను గేటు ముందు బోర్లించింది, ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి. ఈ ఉపాయం ఎవరిదని భూమక్క అడగలేదు. రాజమణి సైకిల్ ఎక్కింది. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద. చూపు నిమ్మచెక్క మీద కాదు, వీధి చివర కరెంటు స్తంభం మీద.

పర్శరాములు సీటు వెనక పట్టుకుని నిలబడ్డాడు, నిచ్చెన పట్టుకున్నట్టు. తర్వాత చెయ్యి తీసి, వెనక్కి ఒక అడుగు వేసి, సీటు మీద రెండుసార్లు తట్టాడు.

"రైట్, రైట్," అన్నాడు.

ఇరవై మూడేళ్లలో ఆ మాట తనతో ఎవరైనా అనడం ఆమె విన్నది అదే మొదటిసారి. తొక్కింది. చెక్కలు రెండూ చితికాయి. రసం చిమ్మి పర్శరాములు తెల్ల లుంగీ మీద పడింది. భూమక్క నవ్వు ఆపుకోలేకపోయింది. రాజమణి వెనక్కి తిరిగి చూడలేదు, స్తంభం దాటి మలుపు తిరిగింది.